మీ ఉత్తరాలు: ‘మేడం’ అనడానికి నోరు రాని ఆఫీసు

ఈసారి మూడే ఉత్తరాలు. మూడూ ఒకే కుర్చీ చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి మిగతావి వచ్చే సంచికకి జరిపాను, అపార్ట్‌మెంట్ మోటారు గొడవ రాసినావిడ ఏమీ అనుకోవద్దు. ఊళ్లు, శాఖలు, పేర్లు అన్నీ తీసేశాను.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఎస్సీని. రెండో ప్రయత్నంలో గ్రూప్‌ 1 వచ్చింది. ఒక మండల స్థాయి ఆఫీసుకి నేనే అధికారిని, నా కింద పదకొండు మంది. చేరి ఎనిమిది నెలలైంది. ఇంతవరకూ నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే నా సమస్య. సూపరింటెండెంట్ గారిది మా నాన్న వయసు. నన్ను మేడం అనరు, ‘ఏమ్మా’ అంటారు. నాకు ముందు చేసిన సారుకీ 30 ఏళ్లేనట, ఆయన్ని మాత్రం సార్ అనేవారట. నేను లేనప్పుడు ‘మేడం వచ్చిందా, వెళ్లిందా’ అని నా గురించి, ‘పాత సారు అనేవారు’ అని ఆయన గురించి. ఏ ఫైలు అడిగినా మూడు రోజులు ‘చూస్తున్నామమ్మా’, నాలుగో రోజు ఏదో కాగితం తక్కువైందంటారు. ఊళ్ల నుంచి పెద్దమనుషులు వస్తే నా గదిలోకి రారు, సూపరింటెండెంట్ టేబుల్ దగ్గరే కూర్చుని పని చెప్పుకుని వెళ్తారు. నా దగ్గరికి సంతకానికి ఫైలు మాత్రం వస్తుంది. అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ, నాకు పేపర్ కప్పు. ఎందుకని అడిగితే అటెండర్ ‘మీకు శుభ్రంగా ఉంటుందని’ అన్నాడు. ఇది కులమేనా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? అమ్మతో చెబితే ‘బంగారంలాంటి ఉద్యోగం, నోరు మూసుకుని చేసుకో’ అంటుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మొదట అలవాటుగా ‘చూడమ్మా’ అని మొదలుపెట్టి కొట్టేశాను. ఈ ఉత్తరానికి ఆ పిలుపు బాగోదు. మేడం గారూ, పేపర్ కప్పు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మన ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది, మీ అమ్మగారినడిగితే చెబుతారు. బయట గోడ మీద వేరే గ్లాసు, తాగినవాళ్లే కడిగి బోర్లించాలి. అప్పుడు గ్లాసు కంటికి కనిపించేది కాబట్టి కనీసం వేలు పెట్టి చూపించడానికి ఒక వస్తువుండేది. పేపర్ కప్పు వచ్చి ఆ వస్తువుని చెత్తబుట్టలో వేసేసింది. పైగా మీ అటెండర్ చెప్పిన కారణం మర్యాదగానే ఉంది, దానిమీద మీరు ఎవరికని ఫిర్యాదు చేస్తారు? ‘నాకు మర్యాద ఎక్కువ చేస్తున్నారు’ అనా?

కులమేనా అని అడిగారు. వయసు అనుకుందామంటే ముందాయన కూడా మీ ఈడువాడే, కాబట్టి అది పోయింది. మీరు ఆడమనిషి అని కావచ్చు. ఇంతకుముందు ఆ కుర్చీలో ఆడ ఆఫీసరు ఎవరైనా కూర్చున్నారేమో, ఆవిడకి ఏ గ్లాసులో ఇచ్చారో కనుక్కోండి. రెండూ కలిసే ఉంటాయని నా అనుమానం. కలిసిపోయిన వాటిని విడదీసి కొలిచాకే బాధపడాలని ఎక్కడా లేదు, మీరు పిచ్చిగా ఆలోచించడం లేదు. అయితే ఒక మాట, ‘మేడం వచ్చింది’ అన్నంత మాత్రాన పట్టుకోకండి. తెలంగాణలో ‘సారు వచ్చిండు’ అని ఎంతో ప్రేమగా అంటారు, క్రియ చివర చూసి మనిషి మనసు చెప్పలేం. ఒకే నోరు ఇద్దరికి రెండు రకాలుగా తిరుగుతోందా అన్నది చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి తిరుగుతోంది.

ఇది నాకెలా తెలుసంటే, ఆ నోరు నాదే కాబట్టి. 1984లో నేను ఒక జిల్లా ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని, పెద్ద కులం అనిపించుకునే ఇంట్లో పుట్టినదాన్ని. మాకు ఎస్సీ ఆఫీసరు ఒకాయన బదిలీ మీద వచ్చారు. సెక్షన్‌లో ఆయనకి చాటున ‘కోటా సారు’ అని పేరు పెట్టాం. టూర్ల టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు నా సీటు మీదుగా వెళ్లేవి. ఆయన బిల్లుకి ఒకసారి కిలోమీటర్లు సరిపోలేదని కొర్రీ వేశాను, సరిచేసి పంపితే బయల్దేరిన టైము వేయలేదని ఇంకోటి, అదీ వేసి పంపితే టూర్ డైరీ నకలు జత చేయలేదని మూడోది. అలా మూడు నెలలు. ఒక్క కొర్రీ కూడా తప్పు కాదు, అన్నీ రూల్లో ఉన్నవే. ఆయనకి ముందున్నాయన బిల్లులకి మాత్రం అవే రూళ్లు నాకెప్పుడూ గుర్తుకు రాలేదు. బదిలీ అయి వెళ్లేరోజు నా టేబుల్ దగ్గర ఆగి, ‘మీ కొర్రీలన్నీ కరెక్టేనండి, నా ముందాయన బిల్లులు కూడా రికార్డు రూములోంచి తెప్పించి చూశాను’ అన్నారు. అంతే, వెళ్లిపోయారు. ఆ చివరి బిల్లు డబ్బులు ఆయన తీసుకున్నారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అందుకని చెబుతున్నాను, కింది కుర్చీలో ఉన్నవాడి చేతిలో చాలా ఉంటుంది. పై కుర్చీ మీది, కులం మెట్టు మాత్రం తనదే పైదని వాడి లెక్క, ఆ రెండో మెట్టు మీంచి దిగకుండా ఉద్యోగం చేయడం ఎలాగో మన ఆఫీసులకి వందేళ్ల నుంచీ తెలుసు. అంబేడ్కర్ కొలంబియాలో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానం కొలువులో చేరితే ప్యూన్లు ఫైళ్లు దూరం నుంచి ఆయన బల్ల మీదికి విసిరేవాళ్లు, ఆఫీసులో తాగడానికి నీళ్లుండేవి కావు. ఉండటానికి ఇల్లు దొరక్క పార్శీల సత్రంలో పేరు మార్చుకుని ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. జీతాన్ని బట్టి చూస్తే ఆ ప్యూన్లు ఆయన కింద ఎన్నో మెట్టు! ఇంకా దగ్గరిది కావాలంటే 1978, దళితుడైన జగ్జీవన్ రామ్ దేశానికి రక్షణ మంత్రి, వారణాసిలో యూపీ మాజీ ముఖ్యమంత్రి సంపూర్ణానంద్ విగ్రహం ఆవిష్కరించి వెళ్తే ఆ విగ్రహాన్ని గంగనీళ్లతో కడిగారు. సైన్యమంతా చేతిలో ఉన్న మనిషికే అలా జరిగింది. మీది మండల ఆఫీసు.

సరే, ఏం చేయాలి. గ్లాసు సంగతి ముందు తేల్చేయండి. మీ గ్లాసు మీరు ఇంటి నుంచి తెచ్చుకుంటే వాళ్లకి ఇంకా సుఖం, ఆ పని చేయకండి. నలుగురూ ఉన్నప్పుడు ‘నాకూ స్టీలు గ్లాసులోనే ఇవ్వండి’ అని భోజనాల దగ్గర పప్పు అడిగినంత మామూలుగా అడగండి. ఇవ్వకపోతే టీ తాగకుండా మళ్లీ అడగండి. సూపరింటెండెంట్ గారిని మాత్రం అందరి ముందు కాదు, తలుపు వేసి ఒక్కసారి, ‘ఆఫీసులో నన్ను మేడం అనండి’ అని చెప్పండి. కారణాలు వివరించకండి, చివర్లో నవ్వకండి. మీరు రాయలేదుగానీ నేను ఊహించగలను, చేరిన వారంలోనే స్వీట్లు పంచి ఉంటారు, స్టాఫ్ ఇంట్లో పెళ్లికి అందరికన్నా ఎక్కువ కట్నం చదివించి ఉంటారు. అది ఇక ఆపేయండి. వాళ్ల ప్రేమ మీకు అక్కర్లేదు, ఫైలు చాలు.

ఫైలు నోటితో అడగడం కూడా మానేయండి, నోటితో అడిగినదానికి సాక్షి ఉండదు. నోట్ ఫైల్‌లో ఫలానా తేదీలోగా పుటప్ చేయమని, అంటే మీ ముందు పెట్టమని రాయండి. మీది ఫైళ్లు కంప్యూటర్లో నడిచే ఈ-ఆఫీస్ అయితే ఏ లాగిన్‌లో ఎన్ని రోజులు పడుకుందో అదే చూపిస్తుంది. తేదీ దాటితే మెమో, ఇంకా దాటితే ఇంకో మెమో, ఆ తర్వాత జిల్లా అధికారికి రిపోర్టు. ఈలోగా మా పాత సారు చేసిన పని చేయండి. మీకు ముందాయన హయాంలోని అదే రకం ఫైళ్లు ఒక అయిదు తెప్పించి ఎన్ని రోజుల్లో కదిలాయో, ఎన్ని కొర్రీలు పడ్డాయో, పక్కన మీవి ఎన్నో ఒక కాగితం మీద వేసుకోండి. ఎవరైనా ‘అన్నిట్లోనూ కులమే చూస్తావా’ అన్నప్పుడు మీరు నోరు తెరవక్కర్లేదు, ఆ కాగితం ఇవ్వండి.

పెద్దమనుషుల విషయానికొస్తే మీ చేతిలో ఉన్నది సంతకం ఒక్కటే, దాన్నే వాడండి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా అర్జీలు మీరే మీ గదిలో వింటారని ఆఫీస్ ఆర్డర్ ఇచ్చి నోటీసు బోర్డులో పెట్టించండి, మీరు వినని అర్జీ మీద సంతకం పెట్టకండి. రెండు వారాలు గొణుగుతారు. మూడో వారం వాళ్ల కాళ్లే మీ గది వెతుక్కుంటాయి, ఎందుకంటే వాళ్లకి కావలసింది పని. ఇంకోటి, సాయంత్రం అయిదున్నరకి ‘అర్జెంటు మేడం, పైనుంచి ఒకటే ఫోన్లు’ అంటూ వచ్చే ఫైలు ఉంటుంది చూశారా, దాన్ని చదవకుండా పంపకండి. ఆడిట్‌లో రికవరీ పడితే ముందు అడిగేది సంతకం పెట్టినవాళ్లనే. విచిత్రం ఏంటంటే మీ ఎదురుగా ‘మేడం’ అన్న మాట ఆ ఒక్క ఫైలు తెచ్చినప్పుడే వాళ్ల నోట వస్తుంది.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2016 నుంచి అమల్లోకొచ్చిన సవరణల తర్వాత కావాలని అవమానించడం 3(1)(ఆర్), కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్) కింద నేరాలు. కానీ రెండూ నలుగురి కళ్లెదుట జరగాలి. 2025 జనవరిలో సుప్రీంకోర్టుకి ఒక తమిళనాడు కేసు వచ్చింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని ఆయన ఆఫీసు గదిలోనే ఒకాయన కులం పేరుతో తిట్టాడని ఆరోపణ. ఆ సమయంలో గదిలో బయటివాళ్లు లేరు, తోటి ఉద్యోగులు తర్వాత వచ్చారు, కాబట్టి ఇది నలుగురి కళ్లెదుట జరిగినట్టు కాదని కేసు కొట్టేశారు. తిట్టిన కేసే అలా నిలబడలేదంటే పేపర్ కప్పు మీద కేసు నిలుస్తుందని నేను మీకు చెప్పలేను. అందుకే కేసు పెడతానని బెదిరించకండి, బెదిరించి పెట్టకపోతే ఆ తర్వాత ఏ మాటకీ విలువుండదు. కానీ తేదీ, టైము, అక్కడ ఎవరున్నారు, ఏమన్నారు అన్నది రోజూ ఒక డైరీలో రాసుకోండి. మీ ఉద్యోగుల సంఘంలో సీనియర్ ఎవరైనా ఉంటే నెలకోసారి ఆ డైరీ చూపించండి. నిద్ర మాత్రం వాయిదా వేయకండి, రెండు వారాలు దాటితే డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: నాకు 51 ఏళ్లు, సర్వీసు 24 ఏళ్లు, సీనియర్ అసిస్టెంట్‌ని. నా తర్వాత ఆరేళ్లకి చేరినతను ఎస్సీ రిజర్వేషన్ వంతులు లెక్కేసే రోస్టర్‌లో ప్రమోషన్ వచ్చి ఇప్పుడు నా పైన కూర్చున్నాడు. నేను డ్రాఫ్టింగ్ (ఆఫీసు ఉత్తరాలు రాయడం) నేర్పిన మనిషి. నాకు కుల పట్టింపులు ఏమాత్రం లేవు, అందరితో కలిసి భోంచేస్తాను. కానీ రోజూ లేచి నిలబడి నమస్కారం పెట్టాలంటే మనసొప్పడం లేదు. నా బాధ తప్పా?

జవాబు: బాధ తప్పు కాదు. ఆరేళ్లు వెనక వచ్చినవాళ్లు ముందుకెళ్తే ఎవరికైనా గుచ్చుకుంటుంది. కానీ మీరు చేత్తో రాసిన ఉత్తరం నా ముందుంది. నాలుగు చోట్ల ‘వాడు’ అని రాసి కొట్టేసి పైన ‘అతను’ అని దిద్దారు, ‘ఆయన’ మాత్రం ఒక్కసారీ రాలేదు. దిద్దినందుకు మిమ్మల్ని మెచ్చుకుంటాను, నిజంగానే. పట్టింపులు ఏమాత్రం లేవన్న మాటని మాత్రం మీరు ఇంకోసారి చూసుకోవాలి.

ప్రమోషన్లలో ఎస్సీ, ఎస్టీలకి రిజర్వేషన్ మీ ఆఫీసరు తెచ్చుకున్నది కాదు. 1995లో 77వ సవరణతో 16(4ఎ) అధికరణం వచ్చింది, అలా ముందు ప్రమోషన్ వచ్చినవాళ్లకి సీనియారిటీ కూడా దక్కేలా 2001లో 85వ సవరణ చేశారు. దానిమీద ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు జరిగాయి, మీరూ వాదించుకోవచ్చు. మీ విషయంలో రోస్టర్ పాయింట్ తప్పు లెక్కేశారనిపిస్తే సీనియారిటీ జాబితా మీద రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి, హైకోర్టుకి వెళ్లండి. అది గౌరవమైన దారి, దాన్నెవరూ తప్పు పట్టరు. గొడవ ప్రభుత్వంతో పెట్టుకోవాల్సింది పోయి ఆయన అడిగిన ఫైలుతో పెట్టుకుంటేనే తప్పు.

ఒకటి అడుగుతాను, నాకు రాయక్కర్లేదు. మీ కులంవాడే ఆరేళ్లు జూనియర్, డిపార్ట్‌మెంటల్ టెస్టులు ముందు పాసై మీ మీదికి వచ్చి ఉంటే ఏమనేవారు? ‘అదృష్టవంతుడు’ అనేవారు, ఒక వారం తిట్టుకునేవారు, తర్వాత లేచి నమస్కారం పెట్టేవారు. డ్రాఫ్టింగ్ నేర్పానన్నారు. నాకు డ్రాఫ్టింగ్ నేర్పిన మా సూపరింటెండెంట్ గారు, నేను ప్రమోషన్ మీద అదే ఆఫీసుకి తిరిగొచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి ‘రండి మేడం’ అన్నారు, నాకే సిగ్గేసింది. ఆయన పోగొట్టుకున్నదేమీ లేదు. నమస్కారం కుర్చీకే పెట్టండి, లేచి నిలబడటం కష్టమైతే కూర్చునే పెట్టండి, దానికి రూలేమీ లేదు. ఫైలు మాత్రం ఆపకండి.

ప్రశ్న: తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిని. మా సర్పంచ్ ఎస్సీ మహిళ, రిజర్వుడ్ సీటు, కూలి పని చేసుకునే ఆమె. ఉపసర్పంచ్ పెద్ద రైతు. పొద్దున ఆయన చేనులోనే ఆమె కలుపు తీస్తుంది, మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసుకి వచ్చి గడప పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. సర్పంచ్ కుర్చీలో ఆయన. చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి కదా, ఆయన పెట్టి పంపిస్తే ఆమె పెడుతుంది. కుర్చీలో కూర్చోమంటే ‘వద్దు సార్, ఇక్కడే మంచిగుంది’ అంటోంది. ఆమెకే లేనిది నాకెందుకని ఊరుకోవాలా?

జవాబు: ఊరుకుంటే ముందు మీ ఉద్యోగానికే ముప్పు, అక్కణ్నుంచి మొదలుపెడతాను. 2020 అక్టోబర్‌లో తమిళనాడు కడలూరు జిల్లాలో దళిత పంచాయతీ అధ్యక్షురాలు నేల మీద, మిగతావాళ్లు కుర్చీల్లో ఉన్న ఫొటో బయటికొచ్చింది. కేసు పెట్టారు, పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. మీలాగే ఆ గదిలో ఉన్న మనిషినే. నేను ఇందాక చెప్పిన చట్టంలోనే 3(1)(ఎం) ఉంది, ఎస్సీ, ఎస్టీ సర్పంచులనీ సభ్యులనీ బలవంతపెట్టి, బెదిరించి లేదా అడ్డుపడి విధులు చేయనివ్వకపోవడం నేరం. దీనికి కులం పేరు ఎత్తక్కర్లేదు, తిట్టక్కర్లేదు.

‘ఆమెకే ఇష్టం లేదు’ అనే మాట నమ్మకండి. రేపటి కూలి ఇచ్చేవాడి ఎదురుగా ఆయన కూర్చున్న కుర్చీ అడిగే ధైర్యం మీకుంటుందా, నాకుంటుందా? అందుకే ఆమెని ముందుకి తోసి ఆయనతో కొట్లాట పెట్టించకండి. మీరు సాయంత్రం మోటార్‌సైకిలెక్కి వెళ్లిపోతారు, ఆమె ఆ ఊళ్లోనే ఉండాలి. నింద మీరు నెత్తినేసుకోండి. మీటింగు ఫొటోలు పైకి పంపాల్సి వస్తూనే ఉంటుంది కదా, ‘సర్పంచ్ కుర్చీలో సర్పంచే కనపడాలి, లేకపోతే నా మెడకి చుట్టుకుంటుంది’ అని ఉపసర్పంచ్ గారికి ముందురోజే వినయంగా చెప్పండి. అబద్ధమేమీ కాదది. ఆయనకి కూడా ఒక మంచి కుర్చీ పక్కన వేయించండి, మనకి కావలసింది ఆయన నేల మీద కూర్చోవడం కాదు. నోటీసు ఆమె ఇంటికి మీరే పట్టుకెళ్లి ఇవ్వండి, మిగతా సభ్యులకన్నా ముందు. తీర్మానాలు ఆమెకి వినపడేలా చదివాకే సంతకం చేయించండి, చెక్కు కూడా ముందు ఆమె దగ్గరికే వెళ్లనివ్వండి. ఆమె ఒక్క ప్రశ్న అడిగినా మినిట్స్‌లో రాయండి.

మీటింగు రోజు ఒక అరగంట ముందు వెళ్లి ఆ తిరిగే కుర్చీ ఎత్తు తగ్గించి పెట్టండి. అది ఆయన ఎత్తుకి బిగించి ఉంటుంది, మొదటిసారి కూర్చున్నప్పుడు ఆమె కాళ్లు నేలకి ఆనాలి.